తీరిన అప్పుకు కాగితం మిగలదు
రాయలసీమ వర్తకుల రాతల మీద చర్చ: ఒక సమీక్ష

కర్నూలు నుంచి పడమటి దారి పడితే కోడుమూరు వస్తుంది. మగ్గం, సంత, పత్తి, అప్పు: ఈ చుట్టుపట్ల ఊళ్ల బతుకు చాలాకాలం ఈ నాలుగింటి మీదే నడిచింది. అప్పు ఉన్నచోట రాత ఉంటుంది, రాత ఉంటే ఎక్కడో ఒకచోట కాగితం మిగలాలి. అయినా కర్నూలు, కడప జిల్లాల వర్తక చరిత్ర మొదలుపెట్టినవాళ్లలో చాలామంది తొలి పేజీల్లోనే చేతులెత్తేస్తారు. సావుకార్ల చిట్టాలు లేవు, ఇంటి ఉత్తరాలు లేవు, ఉన్నవల్లా దొరల కాగితాలు, కరణాల కాగితాలేనంటారు.

ఈ ఫిర్యాదులో మూడు వేరువేరు ప్రశ్నలు ముడిపడిపోయాయి. ఇక్కడి వర్తకులు అసలు రాసుకున్నారా? రాసుకుంటే ఆ రాతలు ఏమయ్యాయి? అవి లేనప్పుడు వేరేవాళ్ల రాతల్లోంచి వర్తకుడి లోకాన్ని ఎంతవరకు పట్టుకోగలం? మొదటి ప్రశ్నకు జవాబు ఎప్పుడో తేలిపోయింది. రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. మూడోదాని మీద మాత్రం యాభై ఏళ్లుగా పుస్తకాల మీద పుస్తకాలు వస్తున్నాయి. నా లెక్కలో చిక్కంతా రెండోదాన్ని దాటేసి మూడోదానికి దూకడంలోనే ఉంది.

రాత ఉండేది, నిలవడానికి కాదు

మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ 19వ శతాబ్దం మొదట్లో దక్షిణాది వర్తకుల లెక్కల పుస్తకాన్ని వర్ణించాడు. అదే కడితం. నూలుగుడ్డకు బొగ్గుపొడి, జిగురు కలిపి పట్టించి, ఆరబెట్టి, మడతలు మడతలుగా పెట్టుకునేవారు. దానిమీద బలపంతో రాసేవారు. తడిగుడ్డతో తుడిస్తే రాత పోయేది, మళ్లీ పూత వేస్తే కొత్త పుస్తకమయ్యేది. దుకాణదారులు దాన్ని తన కాలానికీ వాడుతున్నారని విల్క్స్ రాశాడు. కాబట్టి నల్లరేగడి సీమ వర్తకుడికి రాత రాక చరిత్ర లేకుండా పోయిందన్న మాట నిలవదు. అతని పనికి తుడవడానికి వీలైన పుస్తకమే కావలసి వచ్చింది.

కాగితం వచ్చాక కూడా ఆ పద్ధతి పోలేదు. రోజువారీ చిట్టా లోంచి పద్దులు పేర్ల ఖాతాకు ఎక్కుతాయి, ఎక్కగానే చిట్టాకు విలువ తగ్గిపోతుంది. ఖాతాలో బాకీ తీరితే చెల్లు రాస్తారు. ప్రోనోటు అయితే అప్పు తీర్చినవాడు దాన్ని వెనక్కి తీసుకుని అక్కడే చించేస్తాడు. చించకపోతే అదే నోటు మళ్లీ ఎప్పుడైనా కోర్టుకు ఎక్కవచ్చునన్న భయం. నిజాయితీగా నడిచిన లావాదేవీ ఏ ఆనవాలూ మిగల్చదు. తగాదాలో పడ్డదే దస్త్రంలో చేరి వందేళ్లు బతుకుతుంది. ఈ సంగతి మరిచిపోయి కోర్టు దస్త్రాలు చదివితే సీమలో ప్రతి సావుకారూ మోసగాడిగా, ప్రతి రైతూ ఎగవేతదారుగా కనిపిస్తారు.

మిగిలినవాటిని చదవడం ఇంకో తంటా. కరణాల, గుమాస్తాల రాత గొలుసుకట్టు. అక్షరం మీదినుంచి కలం ఎత్తకుండా సాగిపోయే ఆ రాతను చదవగలవాళ్లు ఇప్పుడు అరుదు. కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) తొలినాళ్లలో ఈ జిల్లాల కచేరీ లెక్కల్లో మోడీ లిపిలో రాసిన మరాఠీ కూడా నడిచింది. నాణేల సంగతి సరేసరి: 1818 దాకా మద్రాసు రాజధానిలో లెక్కలకు వరహా ప్రమాణం, ఆ తర్వాత రూపాయి. పైగా తేదీలు. తెలుగు ఇంటి కాగితం మీద చాలాసార్లు సంవత్సరం పేరు, మాసం, తిథి మాత్రమే ఉంటాయి. రౌద్రి అని ఉందంటే అది 1800 కావచ్చు, 1860 కావచ్చు, 1920 కావచ్చు. ఒక ప్రోనోటును అరవై ఏళ్లు అటో ఇటో జరిపితే దాని అర్థమే తలకిందులవుతుంది.

గ్లాస్గో దివాలా, పత్తికొండ డేరా

ఈ చర్చలో ఎక్కువగా ఉటంకించే కుటుంబ ఉత్తరాలు ఒక స్కాట్లండు వర్తకుడి కొడుకువి. థామస్ మన్రో తండ్రి అలెగ్జాండర్ మన్రో గ్లాస్గోలో ఉంటూ అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసేవాడు. ఆ కాలపు గ్లాస్గో వ్యాపారమంటే ముఖ్యంగా పొగాకు. స్కాటిష్ కంపెనీల దుకాణాలు వర్జీనియా రైతులకు వచ్చే పంట మీద అరువిచ్చి, ఆ పంటనే బాకీ కింద జమ కట్టుకునేవి. 1776 తర్వాత అమెరికా యుద్ధంతో ఆ బాకీలు మునిగాయి, మన్రో కుటుంబమూ మునిగింది. గ్లాస్గో వర్తకుల లెక్కల గదిలో గుమాస్తాగా చేసిన కుర్రవాడు సైనిక క్యాడెట్‌గా 1780 జనవరిలో మద్రాసు చేరాడు.

నిజాం 1800లో కుంఫిణీకి దత్తం చేసిన జిల్లాలకు, అంటే దత్తమండలాలకు, ఆ మన్రోయే ప్రధాన కలెక్టరు, 1807 దాకా. ఆ తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో పాత జిల్లాలను చూసిపోదామని వచ్చి, జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. ఆయన ఇంటికి రాసిన ఉత్తరాలను జి. ఆర్. గ్లెయిగ్ 1830లో జీవితచరిత్రలో చేర్చాడు. కాగితాల పెద్ద మూట ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తల్లిదండ్రుల పోషణకు పంపే డబ్బు, డేరాల్లో కాపురం, పల్లెల్లో పైరు, రైతుల మాటతీరు అన్నీ ఆ ఉత్తరాల్లో దొర్లుతాయి.

వీటిని ఎలా చదవాలన్నది మొదటి వివాదం. గ్లెయిగ్, తర్వాత 1881లో ఎంపికలు వేసిన ఆర్బత్‌నాట్, రైతు మేలు కోరిన మంచి దొరను ఈ కాగితాల్లో చూశారు. బర్టన్ స్టైన్ 1989 పుస్తకంలో ఆ బొమ్మను పక్కకు నెట్టి, సైనిక బలంతో పాలెగాళ్లను తీసివేసి కేంద్ర రాజ్యాన్ని కట్టిన పాలకుడిని చూపించాడు. ఈ రెండు చదువుల్లోనూ వెనక్కి పోయిన సంగతి ఒకటుంది. మునిగిన వర్తకుడి కొడుకు, లెక్కల గదిలో పెరిగినవాడు, దత్తమండలాల్లో ఏ వర్గం ఇల్లు ఏడాదికి ఎంత ఖర్చు పెడుతుందో అంచనా కట్టించాడు. 1813లో పార్లమెంటు ముందు సాక్ష్యమిస్తూ, హిందూదేశంలో ఇంగ్లీషు సరుకుకు గిరాకీ పెద్దగా ఉండదని చెప్పాడు. ఆ అంచనా పాలకుడి దస్త్రమే అయినా, చూపు మాత్రం వ్యాపారిది. మన సావుకార్ల ఆదాయ వ్యయాలను పట్టుకోవాలంటే ఇప్పటికీ మొదట తెరవాల్సిన కాగితాల్లో అదొకటి.

గ్లాస్గో కథలో మనకు పనికొచ్చే ఇంకో ముక్క ఉంది. వర్జీనియా దుకాణాల లెక్కలు, ఏజెంట్ల ఉత్తరాలు అంతగా ఎందుకు మిగిలాయి? బాకీలు తీరలేదు కాబట్టి. 1783 సంధి తర్వాత బ్రిటిష్ వర్తకులు పాత బాకీల కోసం దశాబ్దాలు పోరాడారు. 1802లో 6 లక్షల పౌండ్లకు రెండు ప్రభుత్వాలూ ఒడంబడిక చేసుకున్నాక కూడా, ఎవరికెంత అన్నది తేల్చడానికి లెడ్జర్లు సాక్ష్యంగా పెట్టవలసి వచ్చింది. ఆర్కాటు నవాబు అప్పులదీ ఇదే దారి. 1805లో ఏర్పడ్డ కర్నాటక కమిషన్ ముందు 3 కోట్ల పౌండ్లకు పైగా బాకీలు వచ్చిపడితే, అందులో పదో వంతు కూడా నిజమని నిలవలేదు. ఆ విచారణ వల్లే బోలెడు కాగితం ప్రభుత్వ గదుల్లో భద్రమైంది. ఇటలీలోని ప్రాతోలో 14వ శతాబ్దపు వర్తకుడు దాతీనీ ఉత్తరాలు దాదాపు లక్షన్నర మిగలడానికి కారణం వేరు: ఇల్లూ ఆస్తీ పేదల ధర్మసంస్థకు రాసిపోయాడు, సంస్థతో పాటు కాగితాలూ ఉండిపోయాయి. మొండిబాకీయో, విచారణ కమిషనో, చావులేని వారసుడో ఉంటే తప్ప వర్తకుడి కాగితం నిలవదు.

కైఫీయత్తుల చుట్టూ నాలుగు వాదాలు

కాలిన్ మెకంజీ సర్వే బృందం దత్తమండలాల్లో ఊరూరా రాయించిన కైఫీయత్తులు (ఊళ్ల వృత్తాంతాలు) ఈ చర్చకు నడిబొడ్డు. 1821లో ఆయన పోయాక కుంఫిణీ ఆ సేకరణను 10 వేల పౌండ్లకు కొన్నది. కొంత లండన్ పోయింది. అక్కడికి చేరిన తెలుగు కాగితాలను 1830ల చివర సెలవులో ఉన్న సి.పి. బ్రౌన్ చూసి, మద్రాసుకు తిరిగి పంపేలా పట్టుబట్టాడు. కడప జిల్లావి ఇటీవలి కాలంలో కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కట్టా నరసింహులు సంపాదకత్వంలో సంపుటాలుగా అచ్చువేయడంతో, మద్రాసు రైలెక్కకుండానే చదివే వీలు కలిగింది. ఈ ప్రాంతానికి సంబంధించి గత ముప్పై ఏళ్లలో జరిగిన పనుల్లో ఇంతకన్నా ఉపయోగమైనది ఇంకోటి లేదనిపిస్తుంది.

వీటిలో వర్తకుడు ఎక్కడ? పేటలు కట్టిన వైనంలో. ఊరి ప్రభువు సెట్లను పిలిచి, కొన్నేళ్లు పన్ను తగ్గించి కౌలు ఇచ్చి, పేట నిలబెట్టాడన్న మాట కైఫీయత్తుల్లో తరచుగా తగులుతుంది. సంతలు, సుంకాలు, మగ్గాల పన్ను కూడా ఉంటాయి. వర్తకుడి గొంతు మాత్రం ఉండదు. చెప్పేవాడు కరణం.

నికొలస్ డర్క్స్ వాదం ప్రకారం ఈ సేకరణ వలస రాజ్యం తనకోసం కట్టుకున్న జ్ఞానం, స్థానికుల గొంతు అందులో క్రమంగా నొక్కుకుపోయింది. ఫిలిప్ వాగనర్ 2003లో దానికి అడ్డం తిరిగాడు. కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు, వాళ్లలాంటి నియోగులు నవాబుల కాలంలోనే అబ్బిన దస్తావేజు విద్యను మెకంజీకి తెచ్చిచ్చారని, జ్ఞానం ఇద్దరి చేతుల్లో పుట్టిందని ఆయన మాట. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో ఇంకా వెనక్కి పోయి, దక్షిణాది కరణాలకు తమదైన చరిత్ర స్పృహ ముందే ఉందన్నారు. భవానీ రామన్ 2012లో ప్రశ్ననే మార్చింది. కచేరీలో సంతకం, సాక్షి, మొహరు ఎలా అధికారమయ్యాయి, ఫోర్జరీ భయం రాతకు ఎలాంటి విలువ కట్టింది అన్నది ఆమె వెతుకులాట.

మొదటి మూడు వాదాలూ రాసినవాడి గురించే. వాళ్ల తగువు దొరకూ కరణానికీ మధ్యది, సెట్టి బయటే నిలబడి ఉన్నాడు. రామన్ పుస్తకం ఒక్కటే, తాను వర్తకుల గురించి రాయకపోయినా, వర్తక చరిత్రకు తలుపు తీస్తుంది. ప్రోనోటుకు స్టాంపు ఎందుకొచ్చింది, నోటిమాట అప్పుకు విలువ ఎప్పుడు పడిపోయింది అని అడగడం నేర్పింది ఆమెయే.

రేవు చరిత్రకారులు, మెట్ట చరిత్రకారులు

వర్తకుల మీద రాసినవాళ్లు చాలావరకు సముద్రం ఒడ్డునే ఆగారు. అరసరత్నం 1986 పుస్తకం, సంజయ్ సుబ్రహ్మణ్యం 1990 పుస్తకం డచ్చి, ఇంగ్లీషు, పోర్చుగీసు కాగితాల మీద నిలిచినవి. మచిలీపట్నం, పులికాట్, మద్రాసు వాటిలో వెలిగిపోతాయి. కాశీ వీరన్న వంటి 17వ శతాబ్దపు మద్రాసు తెలుగు వర్తకుడి గురించి అంత తెలియడానికి కారణం కుంఫిణీతో ఆయన లావాదేవీలే. పుదుచ్చేరి దుబాషీ ఆనందరంగ పిళ్ళై 1736 నుంచి 1761 దాకా సొంత దినచర్య రాసుకున్నాడు, అదీ రేవు పట్టణమే. నేసినవాడు, పత్తి పండించినవాడు ఉన్న లోపలి సీమ ఈ పుస్తకాల్లో సరుకు వచ్చే దిక్కు మాత్రమే.

మెట్టను పట్టుకున్నవాళ్లు వేరు. దత్తమండలాల పొడి నేలలో ధాన్యం, అప్పు, బండ్లు అన్నీ కొద్దిమంది పెద్ద రైతుల గుప్పిట్లో ఉండేవని డేవిడ్ వాష్‌బ్రూక్ 1970ల్లో వాదించాడు. బ్రూస్ రాబర్ట్ 1983లో దాన్ని తిరగదోడాడు, అంత గుత్తాధిపత్యం నిలవదన్నాడు. ఈ తగువు ఇంకా తెగలేదు. తెగకపోవడానికి కారణం కూడా చెప్పవచ్చు: ఇద్దరూ వాడినవి సర్కారు విచారణల సాక్ష్యాలు, సెటిల్మెంటు నివేదికలు. అప్పు ఇచ్చినవాడి ఖాతా పుస్తకం ఇద్దరి చేతిలోనూ లేదు. అప్పిచ్చింది పెద్ద రైతా, కోమటి సావుకారా, ఆదోని పత్తి వ్యాపారి ఏజెంటా అన్నది పల్లెపల్లెకూ మారే సంగతి. దాన్ని జిల్లా సగటుతో తేల్చలేం.

ఈ ఇద్దరికన్నా నాకు ఆసక్తి కలిగించే పుస్తకం 1886 నాటి కర్నూలు జిల్లా మాన్యువల్. రాసింది నరహరి గోపాలకృష్ణమ సెట్టి, డిప్యూటీ కలెక్టరు. మొదటి తెలుగు నవల ఏదన్న వాదంలో తరచుగా వినపడే 1872 నాటి శ్రీరంగరాజ చరిత్ర రచయిత ఈయనే. 1876, 77 నాటి ధాత కరువు గడిచిన పదేళ్లలోపే ఈ మాన్యువల్ రాశాడు. 1871 జనాభా లెక్కల్లో 9 లక్షలు దాటిన జిల్లా 1881కి 7 లక్షల లోపుకు పడిపోయింది. సర్కారు భాషలో, సర్కారు అచ్చులో రాసినా, ఈ సీమ సంతనూ కరువునూ తెలుగు తెలిసిన కన్నుతో చూసిన పుస్తకమది. చరిత్రకారులు దాన్ని అంకెల గని కింద తవ్వుకుంటారు, రచయితగా చదివినవాళ్లు తక్కువ.

ఉత్తరం రాసినవాళ్లు

ఇంటి ఉత్తరాల విషయానికి వస్తే చేతిలో ఉన్నది కొంచెమే. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారి పొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపినదే తర్వాత కాశీయాత్ర చరిత్ర అయింది. కడప, అహోబిలం, శ్రీశైలం ఆ దారిలోవే. ఏ మజిలీలో అంగళ్లున్నాయి, ఏం దొరుకుతుంది అని శ్రద్ధగా రాసిన మనిషి. తానేమో మద్రాసు సుప్రీంకోర్టు దుబాషీ, ఊరి సెట్టి కాదు. అయినా 1830 నాటి కడప బజారును చూడాలంటే ఈ ఉత్తరాలను మించిన కన్ను లేదు.

బ్రౌన్ సంగతి వేరు. 1820లో కడపకు వచ్చి, మధ్యలో బందరు పోయి, మళ్లీ వచ్చి, సొంత ఖర్చుతో పండితులను పెట్టి తాళపత్రాలు రాయించాడు. దానికి అప్పులూ చేశాడు. కడపలో ఆ పనిని అయోధ్యాపురం కృష్ణారెడ్డి చూసుకునేవాడు. బ్రౌన్ లేఖలను 1970ల్లో తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం బ్రౌన్ ప్రాజెక్టులో బంగోరె వెలికితీశారు. సాహిత్యకారులు వాటిలో వేమననూ వసుచరిత్రనూ వెతికారు. రాయసగాళ్ల జీతాలు, కాగితం ఖర్చు, చేబదుళ్లు వెతికితే అవే ఉత్తరాలు 19వ శతాబ్దపు కడప రొక్కం లోకానికి సాక్ష్యం. పల్లె తగాదాలను, అర్జీలను, వాడుక ఉత్తరాలను పాఠ్యంగా అచ్చువేసినవాడు కూడా బ్రౌనే. దొరలకు తెలుగు నేర్పడానికి చేసిన ఆ పని, తుడిచిపెట్టుకుపోయే రకం రాతలు కొన్నిటిని అనుకోకుండా కాపాడింది.

ఆడవాళ్ల చేతిరాత ఈ మొత్తంలో దాదాపు లేదు. నగ తాకట్టులో, స్త్రీధనం వ్యాజ్యంలో వాళ్ల పేరు వస్తుంది, పక్కన వేలిముద్ర ఉంటుంది.

పక్కపక్కన పెడితే

మన్రో కాగితాలు వరుస తెగనివి, తేదీ ఉన్నవి, ఒకే మనిషివి. లోపం: సావుకారు వాటిలో మూడో మనిషి. కైఫీయత్తులు ఊరి లోపలివి, కానీ పన్ను అడిగినవాడికి ఇచ్చిన జవాబులు. ఊరు తన పేదరికాన్ని కాస్త ఎక్కువే చేసి చెప్పుకుని ఉంటుందని అనుకుని చదవాలి. కుంఫిణీల వర్తక పత్రాలు లెక్కల్లో ఎంత గట్టివో సీమ విషయంలో అంత పలచన. కోర్టు, రిజిస్ట్రేషను దస్తావేజుల్లో అప్పిచ్చినవాడూ తీసుకున్నవాడూ ఇద్దరూ మాట్లాడతారు, అయితే పోట్లాడుతూ మాట్లాడతారు. 1929, 30 నాటి మద్రాసు బ్యాంకింగ్ విచారణ సంఘం, 1938 నాటి రైతు రుణ ఉపశమన చట్టం ఇంకో మేలు చేశాయి: పెట్టెల్లో ఉన్న పాత ప్రోనోట్లను వెలుగులోకి రప్పించాయి.

సహకార సంఘాల పుస్తకాలను ఈ వరుసలో చేర్చినవాళ్లు కనబడరు. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో పెట్టిన నేతగాళ్ల సంఘం లాంటిచోట నూలు ఎవరికెంత ఇచ్చారు, గుడ్డ ఎంత వచ్చింది, కూలి ఎంత అన్నది ఆడిట్ కోసమైనా రాయక తప్పదు. సావుకారు దాచని లెక్క సంఘం దాస్తుంది. మగ్గం చరిత్రకు దాతీనీ ఇల్లు ఎక్కడైనా ఉంటే అది ఇలాంటిచోటే.

తేలనివి

మొదటి చిక్కు సరిహద్దులది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కుంఫిణీ 1839లో దించింది. 1858లో పత్తికొండ సీమను బళ్లారి నుంచి, తూర్పు తాలూకాలను కడప నుంచి తెచ్చి కలిపాక బ్రిటిష్ కాలపు కర్నూలు జిల్లా ఏర్పడింది. ఆదోని 1953 దాకా బళ్లారిలోనే ఉంది. కాబట్టి కోడుమూరు సంతకు వచ్చిన ఒక్క సెట్టి జాడ పట్టాలంటే నవాబు కచేరీ ఫారసీ కాగితాలు, బళ్లారి కలెక్టరు దస్త్రాలు, కడప కలెక్టరు దస్త్రాలు మూడూ తిరగేయాలి. జిల్లావారీగా చరిత్ర రాసే అలవాటు ఈ వర్తకుణ్ణి మూడు ముక్కలు చేసింది. దీనికి పరిష్కారం చెప్పినవాళ్లు ఇంకా లేరు.

రెండోది, ఇళ్లలో ఉన్నదెంత అన్న ప్రశ్న. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు కొన్ని పుస్తకాలు తాలూకా కార్యాలయాలకు చేరాయి, కొన్ని అటకల మీద ఉండిపోయాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు ఇళ్లూ అంగళ్లూ కాగితాలతో సహా తడిసిపోయాయి. వైశ్య, లింగాయత, బలిజ వర్తక కుటుంబాల దగ్గర మిగిలినవాటిని జాబితా చేయడం విశ్వవిద్యాలయాల పనా, కుటుంబాల పనా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. కుటుంబాల సంకోచం అర్థమయ్యేదే. పాత ఖాతాలో ఉన్నది తాత గొప్ప ఒక్కటే కాదు, పక్కింటివాళ్ల పరువు కూడా. బాకీదారుల పేర్లు కొన్ని దశాబ్దాలు మూసి ఉంచుతామన్న హామీ లేకుండా ఏ ఇల్లూ పెట్టె తెరవదు. దాన్ని ఎవరు, ఏ చట్టం కింద ఇస్తారన్నది రాతప్రతుల గ్రంథాలయాల వాళ్లు ముందుగా తేల్చుకోవలసిన సంగతి.

మూడోది ధాన్యం. ధాత కరువులో ఈ జిల్లాల వర్తకులు గింజలు దాచి ధర పెంచారా, లేక బయటి నుంచి తెప్పించి ప్రాణాలు నిలిపారా? సర్కారు నివేదికలు చదివినవాళ్లు తమకు నచ్చిన పేరాను తీసుకుని రెండు వైపులా వాదిస్తున్నారు. 1876, 77 సంవత్సరాల ధాన్యం ఖాతా ఒక్కటి, ఒకే దుకాణానిది, ఆదోనిలోనో నంద్యాలలోనో దొరికినా ఈ వాదం వేరే మెట్టు మీద నిలబడుతుంది. ఆ పుస్తకం మీద తేదీ ధాత అని ఉంటుంది, 1816దో 1876దో 1936దో తేల్చుకోవలసింది చదివేవాళ్లే.